ఫాతిమా సూర్య అద్భుతం

ఫాతిమా సూర్య అద్భుతం అనగా 1917 అక్టోబరు 13న పోర్చుగల్ దేశంలోని ఫాతిమా గ్రామం వద్ద వేలాదిమంది జనం తాము చూశామని చెప్పిన ఒక ఘటన. సూర్యుడు గిరగిర తిరిగాడనీ, రంగురంగుల కాంతులు వెదజల్లాడనీ, ఒక దశలో భూమి మీదకు పడబోయినట్లు కనిపించాడనీ వారి కథనం. రోమన్ కాథలిక్ భక్తులు దీనిని కన్య మరియమాత చూపిన మహిమగా విశ్వసిస్తారు. హేతువాదులు, కొందరు భౌతిక శాస్త్రవేత్తలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనికి సహజ కారణాలను సూచించారు. మతపరమైన దర్శనాలపై జరిగే చర్చలలో ఫాతిమా పేరు తప్పక వస్తుంది. సాధారణంగా ఇటువంటి దర్శనాలకు సాక్షులు ఒకరిద్దరే ఉంటారు. ఇక్కడ మాత్రం సాక్షులు వేలసంఖ్యలో ఉన్నారు, రోజు ముందుగానే ప్రకటింపబడింది, నమ్మకం లేని పత్రికా విలేఖరి కూడా అక్కడ ఉన్నాడు. కనుక దీనిని "ఎవరో కల్పించిన కట్టుకథ" అని తేలికగా తోసివేయడానికి వీలు లేదు.

ఫాతిమా అనే పేరు అరబ్బుల పాలనాకాలం నుండి ఆ ఊరికి మిగిలిపోయినది. తెలంగాణలో కాజీపేట సమీపాన గల ఫాతిమానగర్, అక్కడి కథీడ్రల్ ఈ పోర్చుగీసు క్షేత్రం పేరును ధరించినవే.

నేపథ్యం

పోర్చుగల్‌లో 1910లో రాచరికం అంతమై గణతంత్రం ఏర్పడింది. కొత్త ప్రభుత్వం 1911లో చర్చిని రాజ్యం నుండి వేరుచేసింది. మతాధికారుల పట్ల ఆ ప్రభుత్వ వైఖరి కఠినంగా ఉండేది. 1916 మార్చిలో దేశం మొదటి ప్రపంచ యుద్ధంలో చిక్కుకున్నది. గ్రామాలనుండి యువకులు యుద్ధరంగానికి తరలిపోతున్న కాలమది.

ఇటువంటి సమయంలో 1917 మే 13న లూసియా, ఆమె మేనత్త పిల్లలైన ఫ్రాన్సిస్కో, జసింతా అనే ముగ్గురు గొర్రెల కాపరి పిల్లలు కోవా ద ఇరియా అనే పల్లపు బీడులో తెల్లని వస్త్రాలు ధరించిన ఒక స్త్రీమూర్తిని చూశామని చెప్పారు. అప్పటికి లూసియాకు పదేళ్ళు, మిగిలిన ఇద్దరు ఇంకా చిన్నవారు. ప్రతి నెలా 13వ తేదీన రమ్మని ఆమె ఆదేశించిందని పిల్లలు చెప్పారు. ఆగస్టులో స్థానిక పాలనాధికారి పిల్లలను నిర్బంధించి ప్రశ్నించాడు. దీనితో వార్త మరింత పాకింది. అక్టోబరులో అందరూ నమ్మేటట్లు ఒక మహత్తు చూపుతానని ఆ స్త్రీ మాట ఇచ్చినట్లు లూసియా జూలైలోనే చెప్పింది.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. ముగ్గురి అనుభవమూ ఒక్కటి కాదు. లూసియా ఆ మూర్తిని చూసి, విని, మాట్లాడింది. జసింతా చూసి, విన్నది కాని మాట్లాడలేదు. ఫ్రాన్సిస్కో చూశాడు గాని మాటలు వినలేదు. చుట్టూ మూగిన జనానికి ఆ మూర్తి కనబడనేలేదు. ఫ్రాన్సు దేశంలో లా సలెట్ (1846), లూర్ద్ (1858) గ్రామాలలో బీద పిల్లలకు కలిగాయని చెప్పిన దర్శనాల తీరుకు, ఫాతిమా కథకు దగ్గర పోలిక ఉన్నదని సంశయవాదులు ఎత్తి చూపుతారు. పిల్లలు అబద్ధమాడారని దీని అర్థం కాదు. తాము ఎరిగిన కథల మూసలోనే మనిషి తన అనుభవాన్ని పోసుకుంటాడని వారి అభిప్రాయం.

1917 అక్టోబరు 13

ఆ ఉదయం వాన కురిసింది. నేల బురదగా ఉంది. జనసంఖ్యపై ఏకాభిప్రాయం లేదు. ముప్ఫై, నలభై వేలనుండి లక్ష వరకు అంచనాలు ఉన్నాయి. మధ్యాహ్నవేళ వాన వెలిసి మబ్బులు విచ్చుకున్నాయి. లూసియా సూర్యుని చూడమని కేక వేసింది. జనమంతా తలలెత్తి చూశారు.

ఆపైన వచ్చిన వర్ణనలు పలురకాలు. సూర్యబింబం మసకబారిన వెండి పళ్ళెంలా ఉండి కళ్ళకు బాధ లేకుండా చూడగలిగామని కొందరు, అది చక్రంలా తిరిగిందని కొందరు, మనుషులు, నేల పసుపు, ఊదా రంగులలో కనిపించాయని మరికొందరు చెప్పారు. బింబం అటూఇటూ ఊగుతూ క్రిందికి దిగివచ్చిందని భయపడి మోకరిల్లినవారు ఉన్నారు. తమకు ఏమీ కనిపించలేదని చెప్పినవారూ ఉన్నారు. ఇదంతా సుమారు పది నిమిషాలు సాగిందని అంటారు.

లిస్బన్‌నుండి వెలువడే "ఓ సెకులో" పత్రిక విలేఖరి అవెలినో ద అల్మేదా అంతకుముందు ఈ వ్యవహారాన్ని హేళన చేస్తూ వ్రాసినవాడే. అక్టోబరు 15 సంచికలో మాత్రం జనం చూసినట్లు చెప్పిన విషయాన్ని గౌరవంగా నమోదు చేశాడు. ఆ పత్రిక ఛాయాగ్రాహకుడు తీసిన చిత్రాలు లభిస్తున్నాయి. అవన్నీ ఆకాశంవైపు చూస్తున్న జనసమూహపు చిత్రాలే. సూర్యునిలో విశేషాన్ని చూపే ఛాయాచిత్రం లేదు.

అదే రోజున లూసియా యుద్ధం ఆనాటితో ముగుస్తుందని కూడా చెప్పింది. కొద్ది రోజుల తరువాత ఒక మతాచార్యుడు ఈ విషయమై ఆమెను ప్రశ్నించాడు కూడా. యుద్ధవిరమణ జరిగినది 1918 నవంబరు 11న, అనగా దాదాపు 13 నెలల తరువాత. అద్భుతాన్ని గురించి వ్రాసేవారిలో చాలామంది ఈ సంగతిని దాటవేయడం విచారకరం.

సూర్యుడు నిజంగా కదిలాడా?

ఈ ప్రశ్నకు సమాధానం సులభం. లేదు. ఏ ఖగోళ పరిశోధనాలయమూ ఆనాడు సూర్యునిలో అసాధారణమైన చలనాన్ని నమోదు చేయలేదు. సూర్యుడు కదిలితే ఒక్క పోర్చుగల్‌లోనే కాక పగలు ఉన్న అర్ధగోళమంతటా కనిపించాలి. సూర్యుని కాంతి మనల్ని చేరడానికి సుమారు 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. లూసియా కేక వేసినప్పుడు కనిపించిన కదలిక సూర్యునిలోనిదే అయితే, అది ఆమె కేకకు ఎనిమిది నిమిషాలకు ముందే మొదలై ఉండాలి! విశ్వాసులలో ఆలోచనాపరులు కూడా ఈ వాదాన్ని అంగీకరించి, మార్పు సూర్యునిలో కాదు, చూసేవారి కంటిలోనో, మధ్యనున్న వాతావరణంలోనో జరిగిందంటారు. నిజమైన చర్చ అక్కడినుండే ప్రారంభమవుతుంది.

కంటికి సంబంధించిన వివరణ

అందరికంటే ఎక్కువమంది అంగీకరించే వివరణ ఇదే. కంటి వెనుకనున్న నేత్రపటలంపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులకు స్పందించే శంకుకణాలు ఉంటాయి. తీక్ష్ణమైన కాంతి పడినపుడు వాటిలోని వర్ణద్రవ్యం క్షీణించి, ఒక్కొక్క రకం కణం ఒక్కొక్క వేగంతో కోలుకుంటుంది. అందువల్ల ప్రకాశవంతమైన వస్తువును చూసి చూపు త్రిప్పినా దాని ఆకారం రంగులు మారుతూ కంటిముందు నిలుస్తుంది. దీనిని అనుబింబం అంటారు. దీపం వైపు కాసేపు చూసి గోడవైపు తిరిగిన ప్రతివారికీ ఇది అనుభవమే. సూర్యుని చూసిన కన్నుతో పక్కవాని మొహాన్ని చూస్తే, ఆ మొహం పసుపుగానో ఊదాగానో కనిపించడంలో వింత లేదు.

ఇక కదలిక సంగతి. మన కన్ను ఏ క్షణంలోనూ పూర్తిగా స్థిరంగా ఉండదు. అనుబింబం కంటితోపాటే కదులుతుంది కనుక అసలు బింబం, అనుబింబం ఒకదానిపై ఒకటి జారుతూ అంచుల వద్ద తిరుగుతున్నట్లు, వణుకుతున్నట్లు భ్రమ కలుగుతుంది. బెల్జియం భౌతిక శాస్త్రవేత్త ఆగస్ట్ మీసెన్ 2003లో సూర్య అద్భుతాలన్నింటినీ ఈ కోణంనుండి పరిశీలించి, సూర్యుడు మీదకు వస్తున్నట్లు తోచడం కూడా మెదడు చేసే అన్వయమేనని వాదించాడు. చుట్టూ పోల్చి చూసుకొనడానికి ఏదీ లేనప్పుడు వస్తువు దూరాన్ని మెదడు ఊహించుకోవలసి వస్తుంది.

దీనికి మబ్బులు తోడైనాయి. పలుచని మబ్బు తెరచాటున సూర్యుడు వెండిబిళ్ళలా కనిపించడం వానాకాలంలో మనమూ చూసేదే. మబ్బులు ఒకవైపు సాగుతుంటే బింబం రెండవవైపు పరుగెత్తినట్లు తోస్తుంది. మబ్బుల్లో చందమామ పరుగెత్తుతున్నాడని పిల్లలు మురిసిపోవడం ఈ కారణంగానే.

వాతావరణ కారణాలు

స్టువర్ట్ క్యాంప్‌బెల్ అనే రచయిత 1989లో ఎగువ వాతావరణంలోని ధూళిమేఘం సూర్యుని ముందునుండి సాగివుండవచ్చునని సూచించాడు. దీనివల్ల బింబం మసకబారడం, రంగులు మారడం అర్థమవుతాయి గాని, తిరుగుడు అర్థం కాదు. మంచు స్ఫటికాలవల్ల సూర్యునికి పక్కన ఏర్పడే కాంతిమచ్చలు కూడా కారణమని కొందరన్నారు. అవి సూర్యునికి దాదాపు 22 డిగ్రీల దూరంలో కదలక నిలిచి ఉంటాయి. కనుక ఈ సూచన నిలబడదు. బెనెడిక్టైన్ సభకు చెందిన మతాచార్యుడు, భౌతిక శాస్త్ర పండితుడు అయిన స్టాన్లీ జాకీ 1999లో ప్రచురించిన గ్రంథంలో మధ్యేమార్గం అవలంబించాడు. ఘటన వాతావరణ సంబంధమైనదే, అయితే చెప్పిన రోజున, చెప్పిన వేళకు జరగడంలోనే మహిమ ఉన్నదని ఆయన భావన.

ఆ వాదనకు సంశయవాదుల జవాబు ఇది: ఆ రోజున, ఆ వేళకు జరిగినది జనం సూర్యునివైపు తదేకంగా చూడటం. మిగతాది కంటి ధర్మం. వేరొక రోజున చూసినా అంతే జరిగేది.

భ్రమ, భ్రాంతి

ఈ ఘటనను "సామూహిక భ్రాంతి" అని వ్రాసేవారున్నారు. ఇది సరియైన మాట కాదు. లేనిదానిని చూడటం వేరు, ఉన్నదానిని మరొకటిగా చూడటం వేరు. మన వేదాంతులు చెప్పే త్రాడు-పాము ఉదాహరణలో త్రాడు నిజంగానే ఉన్నది, మసకచీకటీ నిజమే, భయమూ నిజమే. ఫాతిమాలో సూర్యుడు ఉన్నాడు, కంటిలో మార్పు నిజంగా కలిగింది. ఆ మార్పుకు పెట్టుకున్న పేరు మాత్రం మూడు నెలలుగా వింటున్న మాటనుండి వచ్చింది. ఐర్లాండులోని బాలిన్‌స్పిటిల్ గ్రామంలో 1985లో మరియమాత విగ్రహం కదులుతున్నదని వేలాదిమంది తరలి వచ్చినపుడు, మసకచీకటిలో కాంతిచుక్కను చూస్తే అది కదులుతున్నట్లు తోచే సహజ గుణమే కారణమని మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరించారు. అక్కడివారూ అబద్ధమాడినవారు కారు.

విశ్వాసుల ఆక్షేపణలు

ఫాతిమాకు పలు కిలోమీటర్ల దూరంలో ఉన్నవారు కూడా, ఉదాహరణకు అల్బురితెల్ గ్రామంలోని ఒక బడిపిల్లవాడు, ఈ దృశ్యాన్ని చూశారని, వారిపై జనసమూహపు ప్రభావం లేదని భక్తులు వాదిస్తారు. ఈ వాదనకు కొంత బలమున్నది. అయితే ఇటువంటి సాక్ష్యాలు ఎక్కువగా తరువాతి సంవత్సరాలలో వెలువడినవి. రోజు ముందే అందరికీ తెలుసు. సాక్ష్యాలను విరివిగా సేకరించిన జాన్ ద మార్కీ అనే మతాచార్యుడు ఫాతిమాలో నివసించినది 1943 నుండి 1950 వరకు. పాతికేళ్ళ తరువాతి జ్ఞాపకాలు ఎంతవరకు విశ్వసనీయమన్నది ఆలోచించవలసిన విషయం. తడిసిన బట్టలు క్షణాలలో ఆరిపోయాయన్న మాటా అటువంటిదే. ఆనాడు ఎవరూ పరీక్షించి చూసినది కాదు.

మళ్ళీ మళ్ళీ జరిగిన అద్భుతం

కంటి ధర్మమే కారణమైతే ఇటువంటివి ఇతరచోట్ల కూడా జరగాలి. జరిగాయి. పోపు 12వ పయస్ 1950లో వాటికన్ ఉద్యానవనంలో తాను ఇటువంటి దృశ్యాన్ని చూసినట్లు వ్రాసుకున్నాడు. బోస్నియాలోని మెజుగోర్యేకు 1981 తరువాత వెళ్ళిన యాత్రికులలో అనేకులు ఇదే చెప్పారు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని కానియర్స్ వద్ద 1990ల ప్రారంభంలో భక్తులు సూర్యుడు నాట్యమాడుతున్నాడని అంటుండగా, అక్కడి సంశయవాదులు సౌర వడపోత అమర్చిన దూరదర్శినిని నిలిపి రెండువందలకు పైగా జనానికి సూర్యుని చూపించారు. వడపోత గుండా చూసినవారిలో ఒక్కరికీ విశేషం కనిపించలేదు. వాదోపవాదాలకంటే ఈ చిన్న ప్రయోగమే ఎక్కువ చెబుతుంది.

కంటికి ప్రమాదం

2008 మార్చిలో కేరళలోని కొట్టాయం జిల్లాలో ఆకాశంలో మరియమాత రూపం కనబడుతున్నదన్న వదంతి నమ్మి సూర్యునివైపు తదేకంగా చూసిన వారిలో సుమారు 50 మందికి నేత్రపటలం దెబ్బతిన్నది. నేత్రపటలానికి నొప్పి తెలిసే నాడులు లేవు. అందువల్ల కాలుతున్న సంగతి చూస్తున్నవారికి తెలియదు. గంటల తరువాత చూపు నడుమ మచ్చ ఏర్పడినప్పుడే తెలుస్తుంది. కొందరికి కొన్ని నెలలలో నయమవుతుంది, కొందరికి శాశ్వతంగా నిలిచిపోతుంది. గ్రహణాన్ని ఉత్త కళ్ళతో చూసినవారికి కలిగే హానీ ఇదే. ఫాతిమాలో ఎవరికీ కళ్ళు పోలేదు గదా అని భక్తులు అడుగుతారు. పలుచని మబ్బు, మధ్యమధ్య చూపు తిప్పుకోవడం వారిని కాపాడి ఉండవచ్చు. ఆనాటి జనానికి క్రమబద్ధమైన నేత్రపరీక్ష ఏదీ జరుగలేదు.

చర్చి వైఖరి

లెయిరియా బిషప్ 1930 అక్టోబరు 13న ఫాతిమా దర్శనాలను విశ్వాసయోగ్యమైనవిగా ప్రకటించాడు. అయితే కాథలిక్ సిద్ధాంతం ప్రకారం ఇటువంటివి వ్యక్తిగత దర్శనాలు మాత్రమే. వాటిని నమ్మితీరాలన్న నిర్బంధం ఏ కాథలిక్కుకూ లేదు. ఫ్రాన్సిస్కో 1919లో, జసింతా 1920లో ఇన్‌ఫ్లుయెంజా వ్యాధి కారణంగా మరణించారు. సన్యాసినిగా మారిన లూసియా 2005 ఫిబ్రవరి 13న మరణించింది. చిన్నపిల్లలుగా మరణించిన ఇద్దరినీ 2017 మే 13న పునీతులుగా ప్రకటించారు. 2024 మే నెలలో వాటికన్ కొత్త నియమావళిని వెలువరించింది. దీని ప్రకారం కొత్తగా వచ్చే దర్శనాల విషయంలో అవి దైవికమని బిషప్పులు ఇకపై సాధారణంగా ప్రకటించరు. భక్తికి ఆటంకం లేదని చెప్పడం వరకే పరిమితమవుతారు.