ఉప్పుటేటి ఒడ్డున ఉదజని

కండలేరు సముద్రంలో కలిసే కృష్ణపట్నంలో ఎండకూ ఉప్పునీటికీ కొదువ లేదు. అయినా పక్కనే నేలటూరులోని దామోదరం సంజీవయ్య విద్యుత్కేంద్రం బొగ్గునే నమ్ముకొన్నది. 2015లో ఉత్పత్తి మొదలై, 2022లో మూడవ యూనిట్ చేరాక దాని సామర్థ్యం 2,400 మెగావాట్లు. ఎండతో నీటిని విడగొట్టి ఇంధనం తీసే విద్య శతాబ్దంగా ఊరిస్తున్నా ఈ రేవుకు ఎందుకు రాలేదు? ఆ కథే ఈ టపా.

బొగ్గు ఎప్పటికైనా తరిగేదేననీ, మొక్కల రహస్యాన్ని గాజుగొట్టాలలోకి దించాలనీ 1912లో ఇటలీ రసాయనవేత్త జాకొమో చమీచియన్ న్యూయార్కు ఉపన్యాసంలో చెప్పాడు. అరవై ఏళ్ళకు, 1972లో, జపానువారు అకీరా ఫుజిషిమా, కెనిచి హోండా దారి చూపారు. టైటానియం డయాక్సైడు ఎలక్ట్రోడుపై వెలుగు పడితే నీరు ఉదజనిగా, ఆమ్లజనిగా విడివడింది. మరుసటి ఏడే చమురు సంక్షోభం రావడంతో అందరి చూపూ అటు మళ్ళింది.

చిక్కులు రెండు. ఆ పదార్థానికి అతినీలలోహిత కాంతే పనికివస్తుంది. ఎండలో దాని వాటా నూటికి సుమారు అయిదు పాళ్ళు. రెండవది మరీ గడుసుది. వెలుగు తాకిడికి విడిపోయిన ఎలక్ట్రానూ, అది వదలిన ఖాళీ, నీటిని చేరేలోపే మళ్ళీ కలిసిపోతాయి.

అందుకే శాస్త్రజ్ఞులు గుల్ల పదార్థాల వైపు మళ్ళారు. 1992లో మొబిల్ పరిశోధకులు తేనెపట్టు వంటి సిలికాను వెలువరించారు. సబ్బువంటి అణువుల చుట్టూ సిలికా పేరుకొంటుంది. కాల్చితే సబ్బు పోయి బిలాలు మిగులుతాయి. గ్రాము పొడిలో వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం, అంటే దాదాపు పాతిక సెంట్ల నేల! కృష్ణపట్నానికి దక్షిణాన చిల్లకూరు, కోట మండలాల్లో గాజుకోసం తవ్వే తెల్ల ఇసుకా సిలికాయే. తరువాత టైటానియం డయాక్సైడునూ ఇలాగే గుల్లచేశారు. గోడలు పలుచనైతే ఎలక్ట్రాను నడవవలసిన దూరం తగ్గుతుంది. కానీ ఆ గోడల్లో స్ఫటికక్రమం కుదరకపోతే లోపాలలోనే ఎలక్ట్రాన్లు చిక్కుకొంటాయి. క్రమం కోసం ఎక్కువగా కాల్చితే బిలాలు కూలుతాయి. ఈ రెంటినీ సరితూచడమే అసలు పని.

మన దగ్గర కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎం.వి. శంకర్ బృందం గ్లిజరాల్ కలిపిన నీటినుండి ఎండలో ఉదజని తీసింది. ఖాళీలను గ్లిజరాల్ పూడుస్తుంది గనుక ఎలక్ట్రాన్లు మిగులుతాయి. 2021లో జపానులో కజునారి దోమెన్ బృందం నూరు చదరపు మీటర్ల పలకలను ఆరుబయట పరచి నీటినే విడగొట్టింది. ఎండశక్తిలో ఉదజనిగా మారినది అత్యధికంగా 0.76 శాతం. సముద్రజలమైతే మరో తంటా: ఆమ్లజనికి బదులు క్లోరిన్ పుట్టవచ్చు.

2023లో కేంద్రం ఆమోదించిన 19,744 కోట్ల రూపాయల హరిత ఉదజని కార్యక్రమం కూడా ప్రధానంగా కరెంటుతో నీటిని విడగొట్టే పాత దారినే నమ్ముకొన్నది. ఇప్పటికి అదే వివేకమని నా అభిప్రాయం. ఈ పొడి రేపే బొగ్గును తరిమేస్తుందని రేవు ప్రజలకు ఆశపెట్టడం అన్యాయం. అలాగని, ఆ పలకలు ఒక శాతమైనా దాటలేదని కడప వంటి చోట్ల సాగే పనిని చిన్నచూపు చూడడమూ అంతే అన్యాయం.