బిల్లు ఎరగని ఊళ్లో బిల్లుల చదువు

విశాఖపట్నంలో పోర్టు ఉద్యోగి ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా దారి సాలిగ్రామపురంలోని గోల్డెన్ జూబిలీ ఆసుపత్రికే. స్టీల్‌ప్లాంట్ వాళ్లకు ఉక్కునగరంలో విశాఖ స్టీల్ జనరల్ ఆసుపత్రి, రైల్వే వాళ్లకు రైల్వే ఆసుపత్రి, నేవీ వాళ్లకు ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి, ఫ్యాక్టరీ కార్మికులకు ఈఎస్ఐ. ఇవేవీ లేనివాళ్లకు 1923 నుంచీ కేజీహెచ్ ఉండనే ఉంది. చేతిలో మెడికల్ బుక్కో ఓపీ చీటీయో ఉంటే, డాక్టరుకు చూపించుకుని, మందుల కౌంటరు దగ్గర లైన్లో నిలబడి, ఇంటికి వచ్చేయడమే. ఆపరేషన్‌కు ఎంతయిందన్న మాట ఆ ఇళ్లలో పెద్దగా వినిపించేది కాదు. ఖర్చు కంపెనీది, కాకపోతే సర్కారుది.

అలాంటి ఇళ్ల పిల్లలు ఇప్పుడు గాజువాకలో, మద్దిలపాలెంలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ప్రతి కుట్టుకూ ప్రతి సూదికీ విడివిడిగా ధర కట్టే అమెరికా దేశపు ఆసుపత్రి బిల్లులు ఎలా తయారవుతాయో ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నారు. ఫార్మసీ, నర్సింగ్, మైక్రోబయాలజీ, ఫిజియోథెరపీ చదివినవాళ్లే వీళ్లలో ఎక్కువ. మెడికల్ కోడింగ్ అనే ఈ చదువు విశాఖ దాకా ఎలా వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

రోగాలకు అంకెలు వేసే పని మొదట చావుల లెక్క కోసం మొదలైంది. పారిస్ నగర గణాంకాలు చూసే జాక్ బెర్తియోఁ 1893లో షికాగోలో జరిగిన సమావేశంలో మరణ కారణాల పట్టిక ఒకటి ప్రతిపాదించాడు. ఏ దేశంలో మనిషి చనిపోయినా ఒకే పద్ధతిలో నమోదైతే పోల్చి చూడవచ్చన్నది ఆయన ఉద్దేశం. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చేతుల్లోకి తీసుకుంది. అప్పటి ఆరో కూర్పులో చావులతో పాటు జబ్బులూ చేరాయి. ఐసీడీ అని ఇవాళ కోడర్లు పిలిచేది దీన్నే. అందులో డబ్బు ప్రస్తావన ఎక్కడా లేదు.

డబ్బు అమెరికాలో చేరింది. అక్కడ 1965లో వృద్ధులకు సర్కారు ఆరోగ్య బీమా ఇచ్చే మెడికేర్ చట్టం వచ్చింది. మరుసటి ఏడాదే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ డాక్టర్లు చేసే పనులకు నంబర్లు ఇస్తూ సీపీటీ పుస్తకం వేసింది. 1983లో మెడికేర్ ఇంకో పెద్ద అడుగు వేసింది. రోగి ఎన్నాళ్లున్నాడు, ఎన్ని మందులు వాడారు అన్న లెక్క పక్కన పెట్టి, ఏ జబ్బు తరగతిలోకి వస్తాడో చూసి ఆసుపత్రికి ఒక నిర్ణీత మొత్తం ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటిదాకా కేసు షీటు చివర డాక్టరు గిలికే రోగ నిర్ణయం అనే ఒక్క వాక్యం ఆసుపత్రి ఆదాయంగా మారిపోయింది. కోడింగ్ ఒక వృత్తిగా నిలబడింది అక్కడే. 1996లో హిపా చట్టం వచ్చాక బీమా క్లెయిములన్నీ ఒకే తరహా కోడ్లతో, కంప్యూటర్లో వెళ్లే ఏర్పాటు జరిగింది. కాగితంతో పని లేకపోయాక ఆ పని ఒహాయోలో చేసినా ఒకటే, హైదరాబాద్‌లో చేసినా ఒకటే.

హైదరాబాద్‌లో ముందు వచ్చింది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. అమెరికా డాక్టర్లు మాటల్లో చెప్పి పంపిన రికార్డులను మనవాళ్లు రాత్రికి రాత్రి టైపు చేసి పంపేవారు. 2000 ప్రాంతాల్లో దానికి కోచింగులు పుట్టగొడుగుల్లా వెలిశాయి. మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్లు, ఎలక్ట్రానిక్ రికార్డులు వచ్చాక ఆ గిరాకీ తగ్గింది. కోడింగ్ మాత్రం పెరుగుతూ పోయింది. 2015 అక్టోబర్ 1న అమెరికా పాత ఐసీడీ-9ని వదిలి ఐసీడీ-10కి మారింది. రోగాల కోడ్లు దాదాపు 14 వేల నుంచి దాదాపు 70 వేలకు చేరాయి. కుడి చెయ్యి విరిగిందా ఎడమదా, మొదటిసారి చూపించుకుంటున్నారా కట్టు విప్పించుకోవడానికి వచ్చారా అన్నదానికి కూడా కోడ్ మారుతుంది. ఇంత పని చెయ్యడానికి చదువుకున్న చేతులు కావాలి. ఆ చేతులు ఇక్కడ దొరికాయి.

విశాఖకు దూరవిద్య కొత్తేమీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు పెట్టింది. పోస్టులో పాఠాల కట్టలు తెప్పించుకుని, డ్యూటీ దిగాక చదివి, డిగ్రీలు తెచ్చుకున్న ఉద్యోగులు ఈ ప్రాంతంలో లెక్కలేనంత మంది. తర్వాత ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల కాలం నడిచింది. 2020లో కోవిడ్ వచ్చి తరగతి గదులు మూతపడ్డాక పాఠం ఫోన్లోకి, ల్యాప్‌టాప్‌లోకి మారింది. పరీక్ష కూడా ఇంటి నుంచే రాసే వీలు వచ్చింది.

ఆ పరీక్ష సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1988లో అమెరికాలో మొదలైన ఏఏపీసీ అనే సంస్థ సీపీసీ పరీక్ష పెడుతుంది. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. కోడ్ పుస్తకాలు పక్కన పెట్టుకుని రాయవచ్చు. చూసి రాసే పరీక్షే కదా అనుకుని దిగినవాళ్లు బోర్లా పడతారు, ఎందుకంటే ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా రాదు. పాసైనా అనుభవం లేకపోతే పేరు చివర అప్రెంటిస్ అన్న అర్థంలో ‘ఏ’ అక్షరం తగులుతుంది. తొలి ఉద్యోగం దొరకడం కష్టమయ్యేదీ ఆ దశలోనే. మూడు నెలల కోర్సు, ఆ వెంటనే ఉద్యోగం అని ఎవరైనా హామీ ఇస్తుంటే తల్లిదండ్రులు ఈ ‘ఏ’ గురించి అడిగి మరీ డబ్బు కట్టాలి.

పని ఎలా ఉంటుందో ఒక చార్ట్‌తో చూడవచ్చు. రోగికి టైప్ 2 షుగరు, నాలుగో దశ కిడ్నీ జబ్బు ఉన్నాయని డాక్టరు రాశాడనుకుందాం. రెండింటికీ సంబంధం ఉందని ఎక్కడా రాయలేదు. కొత్తగా చేరిన కోడర్ షుగరుకు ఈ 11.9, కిడ్నీకి ఎన్ 18.4 వేసి ముందుకు పోతాడు. క్వాలిటీ చూసేవాళ్లు దాన్ని తప్పు పడతారు. అమెరికా నిబంధనల ప్రకారం డాక్టరు కాదని రాస్తే తప్ప ఆ రెంటికీ సంబంధం ఉన్నట్టే లెక్క. కాబట్టి ఈ 11.22 వెయ్యాలి, దాని వెనుక ఎన్ 18.4 రావాలి. ల్యాబ్ రిపోర్టులో క్రియాటినిన్ ఎంతున్నా, దశ ఏదో డాక్టరే రాయాలి. కోడర్ ఊహించకూడదు. అలాగే ఓపీలో ‘న్యుమోనియా కావచ్చు’ అని రాస్తే దగ్గు, జ్వరం మాత్రమే కోడ్ చేస్తారు. అదే మాట ఆసుపత్రిలో చేరిన రోగి డిశ్చార్జి షీటులో ఉంటే న్యుమోనియా అనే కోడ్ చేస్తారు. ఇదంతా చదివే శ్రద్ధ మీద ఆధారపడ్డ పని. కంపెనీల్లో 95 శాతం క్వాలిటీ, రోజుకిన్ని చార్టులన్న టార్గెట్ రెండూ ఒకేసారి నెత్తిన ఉంటాయి.

కోడింగ్ చాలావరకు పగటి పనే. తిరస్కరించిన క్లెయిముల మీద అమెరికా బీమా కంపెనీలకు ఫోన్ చేసే ఏఆర్ కాలింగ్‌కే రాత్రి షిఫ్టు. ఏ క్లెయిములు ఎందుకు వెనక్కి వస్తున్నాయో పట్టికలు వేసి చూడటం నుంచి డేటా అనలిటిక్స్ మొదలవుతుంది. మొదట ఎక్సెల్, తర్వాత ఎస్‌క్యూఎల్.

ఇదంతా పరాయి దేశపు లెక్క అనుకుంటే పొరపాటు. విశాఖకు దగ్గర్లోనే మన సొంత కోడింగ్ ఒకటి మొదలైంది. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ప్రయోగానికి ఎంచుకున్న మూడు జిల్లాలు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. తెల్ల రేషన్ కార్డుతో వచ్చిన రోగిని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర అనే సహాయకుడు నమోదు చేసేవాడు. ఆసుపత్రి జబ్బుకు తగ్గ ప్యాకేజీ ఎంచుకుని ముందస్తు అనుమతి అడిగేది. ఆపరేషన్ అయ్యాక రిపోర్టులతో సహా క్లెయిము ఆన్‌లైన్‌లో వెళ్లేది. ప్యాకేజీకి నంబరు, నంబరుకు ధర. 1983లో మెడికేర్ చేసిన పనికి ఇది దగ్గరి చుట్టమే. 2018 సెప్టెంబర్‌లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ మొదలుపెట్టేసరికి తెలుగు ఆసుపత్రులకు ఈ పద్ధతి పదేళ్లుగా అలవాటు.

శ్రీకాకుళం పేరు రాగానే ఉద్దానం గుర్తుకు రాక తప్పదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల పల్లెల్లో కిడ్నీ జబ్బు తరాలను తినేస్తోంది. డయాలసిస్ కోసం కేజీహెచ్‌కు వచ్చిన కుటుంబాలెన్నో. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. ఉద్దానం రోగుల్లో చాలామందికి షుగరు లేదు, బీపీ లేదు. కారణం ఇంకా తేలలేదు. అమెరికా చార్టులో తడుముకోకుండా ఈ 11.22 వేసే కోడర్ ఉద్దానం కేసు షీటు ముందు కూర్చుంటే అతని చేతిలో మిగిలేది ఎన్ 18 ఒక్కటే. అది జబ్బు ఏ దశలో ఉందో చెబుతుంది. ఎందుకొచ్చిందో, రోగి ఏ ఊరివాడో, ఏ బావి నీళ్లు తాగాడో, ఏ తోటలో పనిచేశాడో చెప్పదు.

ఆ వివరాలు ఎవరో ఒకరు రాసిపెట్టాలి. క్లెయిముల్లో రోగి చిరునామా ఉంటుంది, వయసు ఉంటుంది, డయాలసిస్ ఎప్పుడు మొదలైందో ఉంటుంది. వాటికి పనీ నీటి వనరూ కలిపి, ఊరి వారీగా, ఏడాది వారీగా వరస పెడితే పరిశోధకులకు ఎంతో ఉపయోగం. అందుకు కావలసిన చదువు ఉన్నవాళ్లు విశాఖలోనే ఉన్నారు. వాళ్లలో శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్లలో ఉండి చదువుకున్నవాళ్లూ ఉంటారు. మన పెద్దాసుపత్రుల రికార్డు విభాగాల్లో వీళ్లకు జీతంతో కూడిన పోస్టులు ఇవ్వాలి. అమెరికా కంపెనీ ఇచ్చేంత జీతం కాకపోయినా, ఇల్లు గడిచేంతైనా ఇవ్వాలి.