కాంపౌండరు నుంచి ఫార్మసిస్టు దాకా: తక్కువ కాలపు చదువు చాలునా?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన ప్రతిసారీ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటున్నది: "డాక్టరు గారూ, మావాడిని రెండేళ్ల డి.ఫార్మసీలో చేర్పించమంటారా? నాలుగేళ్ల బి.ఫార్మసీకి పంపమంటారా?" దీనికి ఒక్క మాటలో సమాధానం లేదు. ఈ చదువులు ఎలా పుట్టాయో తెలిస్తే, మీ సమాధానం మీకే దొరుకుతుంది.

తక్కువ కాలంలో వైద్యసిబ్బందిని తయారుచేయడం మనకు కొత్త కాదు. విజయనగరం విశాఖపట్నం జిల్లాలోనూ, శ్రీకాకుళం గంజాం జిల్లాలోనూ ఉన్న మద్రాసు రాష్ట్రపు రోజుల్లో, పల్లెలకు వైద్యమందించినవారిలో ఎక్కువమంది ఎల్.ఎం.పి. వైద్యులు. విశాఖపట్నంలోని వైద్య పాఠశాల 1923లో కళాశాలగా ఎదిగింది. 1946లో భోర్ కమిటీ నివేదిక ఇచ్చేనాటికి దేశంలోని సుమారు 47,500 మంది నమోదిత వైద్యులలో దాదాపు 30 వేల మంది ఇటువంటి లైసెన్షియేట్లే. వైద్యానికి ఒకే పట్టా ఉండాలని కమిటీ సిఫారసు చేసింది. కొందరు సభ్యులు మాత్రం, పల్లెలకు వైద్యులు చాలరని చెప్పి విభేదించారు. తొందరగా చేతికందే మనుషులా, లోతుగా చదివిన మనుషులా అన్న ఈ వివాదమే ఫార్మసీలోనూ నడిచింది.

ఆనాటి డాక్టరు పక్కన కాంపౌండరు ఉండేవాడు. మిక్చరు కలిపి, సీసాకు గంట్లు కత్తిరించిన కాగితపు పట్టీ అంటించి, "పూటకొక గుర్తు తాగాలి" అని చెప్పేవాడు. చాలామందికి ఆ విద్య చేతి అలవాటుగా వచ్చినదే. మందుల నాణ్యతపై 1930లో ప్రభుత్వం నియమించిన చోప్రా కమిటీ, మందులపై చట్టమూ, వాటిని తెలిసి ఇచ్చేవారికి శిక్షణా రెండూ అవసరమని తేల్చింది. 1932లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ ఫార్మసీ విద్యకు నాంది పలికారు. 1940లో మందుల చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. మనకు దగ్గరలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1951లో ఫార్మసీ విభాగాన్ని ప్రారంభించింది.

1948 చట్టం పాతవారిని వీధిన పడవేయలేదు. ఆసుపత్రిలోనో, డిస్పెన్సరీలోనో కనీసం ఐదేళ్లు మందులు కలిపిన అనుభవం ఉన్నవారికి తొలి రిజిస్టరులో చోటిచ్చింది. ఆ తరువాత వచ్చేవారికి మాత్రం చదువు తప్పనిసరి అయింది. అలా డిప్లొమాయే ఫార్మసిస్టుకు కనీస అర్హతగా నిలిచింది.

నేటి డి.ఫార్మసీ రెండేళ్ల చదువు, ఆపైన 500 గంటల ప్రాయోగిక శిక్షణ. అది పూర్తిచేసి రిజిస్టరైనవారు మందుల షాపులోనూ, ఆసుపత్రిలోనూ చట్టబద్ధంగా మందులివ్వవచ్చు. కానీ డ్రగ్ ఇన్‌స్పెక్టరు పదవికి అది చాలదు. పైడిభీమవరం వంటి చోట్ల మందుల కర్మాగారాలలో పై మెట్లెక్కాలన్నా పట్టా అవసరమవుతుంది. 2008లో మొదలైన ఫార్మ్.డి. ఆరేళ్ల చదువు. బి.ఫార్మసీ అయినవారికి అందులో మూడేళ్ల మార్గముంది. అది చూడడానికి పొట్టిదే, కానీ కూడితే ఏడేళ్లు. డి.ఫార్మసీ చేసినవారు బి.ఫార్మసీ రెండో ఏట చేరితే మొత్తం ఐదేళ్లు. ఒక ఏడాది ఎక్కువైనా, రెండేళ్ల తరువాత అవసరమైతే ఆగి సంపాదించుకొనే వీలుంటుంది. ఇల్లు గడవడం కష్టమైన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

అయితే చదువు ఎన్నేళ్లన్నదానికన్నా కౌంటరు వెనుక నిలబడినప్పుడు ఏం తెలుసన్నది ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు తెలుసు. దాని మూలకారణం ఇంకా తేలలేదు. కానీ దెబ్బతిన్న కిడ్నీకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు మరింత హాని చేస్తాయన్నది నిశ్చయం. కొబ్బరితోటలో పనిచేసి నడుము నొప్పితో వచ్చిన కూలీకి మాట్లాడకుండా మాత్రలు కత్తిరించి ఇచ్చేవాడు ఒకడు. "మీకు కిడ్నీ జబ్బుందా? బీపీ ఉందా? క్రియాటినిన్ చూపించుకున్నారా?" అని అడిగేవాడు మరొకడు. ఆ రెండో మనిషిని తయారుచేయడానికే ఈ చట్టాలూ చదువులూ పుట్టాయి.

కాబట్టి చేర్పించే ముందు మూడు సంగతులు విచారించండి. ఆ కళాశాలకూ, ఆ కోర్సుకూ ఫార్మసీ కౌన్సిల్ ఆమోదం ఉన్నదా? లేకుంటే చేతికొచ్చిన కాగితంతో రిజిస్టరు కాలేరు. ఆ 500 గంటలు నిజంగా ఆసుపత్రిలోనో, మందుల షాపులోనో జరుగుతున్నాయా, లేక సంతకంతో సరిపెడుతున్నారా? డిప్లొమా వారికి ఎగ్జిట్ పరీక్ష నిబంధనలు 2022లో ప్రకటించారు. మీ బిడ్డ చేరే ఏడాదికి అవి ఎలా వర్తిస్తాయి?

ఇంటికి త్వరగా ఆదాయం కావాలంటే రెండేళ్ల చదువు గౌరవప్రదమైన దారే. దానిని చివరి మెట్టుగా కాక తొలి మెట్టుగా చూడండి. పరిశ్రమ, పరిశోధన, ప్రభుత్వ తనిఖీ ఉద్యోగాలు మనసులో ఉంటే మొదటే నాలుగేళ్లకు సిద్ధపడండి. ఏది ఎంచుకున్నా, హాజరు లేకుండా పట్టా ఇప్పిస్తామనేవారి గుమ్మం మాత్రం తొక్కకండి. ఆ పట్టా వల్ల రేపు మందు తప్పిపోయేది మన ఊరి మనిషికే.