దొంగసొమ్ము వెంట లెక్కల పుస్తకము

దొంగను పట్టవలెనన్న అడుగుజాడలు వెదకుదురు. దొంగసొమ్మును పట్టవలెనన్న చిట్టా ఆవర్జాలు వెదకవలెను. ఈ సంగతిని ప్రభుత్వములు గ్రహించిన వైనమును శ్రోతలకు సంగ్రహముగా మనవి చేయదలచితిమి.

1931లో అమెరికాలో ఆల్ కపోన్ అను ముఠానాయకునకు 11 సంవత్సరముల కారాగారశిక్ష పడినది. అతని దొంగసారా వ్యాపారము జగద్విదితమే. అయినను న్యాయస్థానమున అతనిని పట్టియిచ్చిన నేరము ఆదాయపు పన్ను ఎగవేత. జూదశాలల లెక్కల పుస్తకములు అతనికి విరోధముగా సాక్ష్యము పలికినవి.

ఆ పాఠమును నేరగాండ్రును నేర్చుకొనిరి. అక్రమార్జనను బ్యాంకులో జమకట్టుట, ఖాతానుండి ఖాతాకు, దేశమునుండి దేశమునకు త్రిప్పుట, తుదకు మేడలు, తోటలు కొని పెద్దమనుష్యులై మెలగుట వారి పద్ధతి అయినది. అమెరికాలో 1970 నాటి చట్టము ననుసరించి, 10,000 డాలర్లకు మించిన నగదు లావాదేవీలను బ్యాంకులు ప్రభుత్వమునకు తెలుపవలసి వచ్చినది. కాని సొమ్ము సరిహద్దు దాటినచో ఒక్క దేశపు చట్టము చాలదు. అందుచేత 1989 జులైలో పారిస్ నగరమున సమావేశమైన 7 పారిశ్రామిక రాజ్యములు ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ అను సంఘమును నెలకొల్పినవి. మరుసటి యేడు అది 40 సిఫారసులను వెలువరించినది. 1995లో బ్రస్సెల్స్‌లోని ఎగ్మాంట్ సౌధమున పలు దేశముల ఆర్థిక సమాచార శాఖలు కలిసికొని, తమకు తెలిసినది పరస్పరము పంచుకొనుటకు కూటమిగా ఏర్పడినవి.

మన దేశమున 2004 నవంబరులో ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ ఏర్పడినది. 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టము 2005 జులై 1 నుండి అమలునకు వచ్చినది. 10 లక్షల రూపాయలకు మించిన నగదు లావాదేవీలను, అనుమానాస్పదమైన వానిని బ్యాంకులు ఆ శాఖకు నివేదింపవలెను. అట్లు వచ్చిపడు నివేదికల రాశిని మనుష్యులు చదివి ముగింపలేరు గనుక కంప్యూటర్లు జల్లెడ పట్టుచున్నవి. 2007లో ఎగ్మాంట్ కూటమియందును, 2010లో టాస్క్ ఫోర్స్‌నందును భారతదేశము చేరినది.

ఇందులో ఒక చిక్కు కలదు. పూర్వము మన వర్తకుల హుండీ నమ్మకముమీద నడచినది. ఆ నమ్మకమునే ఆధారము చేసికొని హవాలా మార్గమున సొమ్ము కాగితము లేకుండ సముద్రములు దాటుచున్నది. గల్ఫ్ దేశములలో చెమటోడ్చిన మన తెలుగు కూలీ, ఖర్చు తక్కువని ఆ దారిని ఇంటికి డబ్బు పంపినచో, అతని ధర్మార్జితము దొంగసొమ్ముతో కలిసిపోవును. దొంగసొమ్మునకు అంతకంటె మంచి చాటు లేదు.

కంప్యూటరు అంకెలలోని వింతను చూపగలదు. అది కుమారుడు తల్లికి పంపిన సొమ్మో కాదో విచారించి తెలిసికొనవలసినవాడు మనిషియే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున ప్రభుత్వము జాడ తీయుటలో ఎంత చురుకో, నిర్దోషిని నొప్పింపకుండుటలో అంత జాగరూకతయు చూపవలెను. మన వంతు పనియు స్వల్పము కాదు: బ్యాంకు దారినే సొమ్ము పంపుట, రసీదులు భద్రపరచుట, ఎవరెంత ఆశ చూపినను మన ఖాతాను ఒరుల చేతికి ఈయకుండుట.