కంఠపరికర్మ: శిక్షాశాస్త్రమును విజయనగర సంప్రదాయమును

వేదాంగములాఱింటిలో శిక్షకుఁ బ్రథమస్థానము. అయినను మన పాఠశాలలలో వ్యాకరణమునకును ఛందస్సునకును గల యాదరములో నాలవపాలైనను శిక్షకు లేదు. విద్యార్థి పద్యమునకు యతిప్రాసములను జూపఁగలఁడు. సమాసమునకు విగ్రహము చెప్పఁగలఁడు. ఆ పద్యమునే సభలో నిలిచి చదువుమన్నచో గొంతు బిగిసి, నాలవ పాదము చేరకమున్నే యూపిరి చాలక నిలిచిపోవును. నటులకును వక్తలకును ముందుగాఁ గంఠమును సిద్ధపఱుచు నభ్యాసములు పాశ్చాత్యదేశములనుండి క్రొత్తగా వచ్చినవని పలువురు తలంచుచున్నారు. అవి మన శాస్త్రములలోఁ గలవనియు, విజయనగరప్రాంతమున మూఁడు విద్యలలో వేఱువేఱుగా నిలిచినవనియు, విద్యార్థికొఱకు వానిని నొక్కచోటఁ గూర్పకపోవుటయే నేఁటి లోపమునకు మూలమనియుఁ జూపుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

మొదట నాట్యశాస్త్రమును జూతము. భరతముని పూర్వరంగవిధానమును జెప్పుచుఁ దెర తొలఁగకమున్ను జరుగవలసిన యంగములను తొమ్మిదింటిని లెక్కించెను. అవి ప్రత్యాహారము, అవతరణము, ఆరంభము, ఆశ్రావణ, వక్త్రపాణి, పరిఘట్టన, సంఘోటన, మార్గాసారితము, ఆసారితము. ప్రత్యాహారమనఁగా వాద్యములను దగినచోట్ల నమర్చుట. అవతరణము గాయకులు కూర్చుండుట. ఆరంభము గానక్రియకుఁ గంఠమును బ్రవర్తింపఁజేయుట. ఆశ్రావణ వాద్యములను రంజకముగా సిద్ధపఱుచుట. ఈ క్రమము గమనింపఁదగినది. వీణకంటె ముందే కంఠమును సవరించుకొనుట విధింపఁబడినది. ప్రేక్షకునకుఁ గనఁబడని యీ పనికిఁ బేరుపెట్టి, దానిని నాటకప్రయోగమున నొక యంగముగా నెన్నుటచేతనే దాని గౌరవము తెల్లమగుచున్నది.

ఆరంభము గాయకులకుఁ జెప్పఁబడినదే కాని మాటలాడు నటునకుఁ గాదని యాక్షేపింపవచ్చును. పేరునుబట్టి యది నిజమే. కాని పాఠ్యమును నిరూపించుచోట భరతుఁడు దానికిని స్వరములేడు, స్థానములు మూఁడు, వర్ణములు నాలుగు, కాకువులు రెండు, అలంకారములాఱు, అంగములాఱు నని నిర్ణయించెను. దూరమందున్నవానిఁ బిలుచునపుడు శిరఃస్థానమును, అంత దూరము కానిచోఁ గంఠస్థానమును, చెంతనున్నవానితో నురఃస్థానమును వాడవలెనని యాతని మతము. పాటకును మాటకును ఈ మూఁడు స్థానములే యాధారము. యంత్రమొక్కటియైనపుడు దానిని సిద్ధపఱుచు విధియు నొక్కటియే కావలెను.

వైయాకరణులును ఈ విషయమున నుదాసీనులు కారు. దూరమునుండి పిలుచునపుడు వాక్యాంతమందలి యచ్చునకుఁ బాణిని ప్లుతమును విధించెను. కొండక్రింద నిలిచి పైనున్న తోడివానిఁ బేరుపెట్టి పిలుచు పసులకాపరి, సూత్రమెఱుంగకయే యా విధిని బాలించుచున్నాఁడు. హ్రస్వదీర్ఘప్లుతముల కాలమును దెలుపుటకుఁ బాణిని యుకారమునే యేల గ్రహించెనను ప్రశ్నకు, కోడికూఁతలో 1, 2, 3 మాత్రల యుకారములు వరుసగా వినఁబడుటయే కారణమని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. కుఱుచనుండి నిడుపునకుఁ గ్రమముగాఁ బోవుట యందలి పాఠము.

శిక్షాగ్రంథములలో నీ విషయమింకను స్పష్టము. ప్రాతఃకాలమున నురస్సునుండి పులిగర్జవంటి మంద్రధ్వనితోను, మధ్యాహ్నమునఁ గంఠమునుండి చక్రవాకధ్వనితోను, మూఁడవవేళ శిరస్సునుండి నెమలి, హంస, కోకిలల ధ్వనివంటి తారముతోను బఠింపవలెనని పాణినీయశిక్ష తెలుపుచున్నది. ఇది యజ్ఞమందలి సవనత్రయమునకు మాత్రమే చెల్లునని కొందఱందురు. విధి సవనములదే యైనను దానికి శరీరధర్మమే మూలమని నా యభిప్రాయము. నిద్రనుండి లేచినపుడు గొంతు సహజముగా దిగువస్థాయిలోనే పలుకును. పురుషుని కంఠతంత్రులు సాధారణసంభాషణమున సెకనునకు సుమారు 100 మొదలు 130 సార్లును, స్త్రీల కంఠతంత్రులు సుమారు 200 సార్లును స్పందించునని నేఁటి ధ్వనిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. స్థాయి పెరిగినకొలఁది యీ సంఖ్యయు పెరుఁగును. తంత్రులు సాగి బిగువగును. విశ్రాంతిలోనున్న తంత్రులను మొదటనే తారమునకు లాగుట వానికి హాని. కావున మంద్రమునుండి మధ్యమమునకు, మధ్యమమునుండి తారమునకుఁ బోవలెనను శాస్త్రక్రమము కంఠరక్షకుఁ జెప్పిన క్రమమే.

నారదీయశిక్ష దినచర్యను గూడఁ జెప్పినది. ప్రాతఃకాలమున లేచి మౌనముతో మామిడి, మారేడు, ఉత్తరేణి మొదలగువాని పుడకతో దంతధావనము చేయవలెను. ఉప్పు కలిపిన త్రిఫలను సేవింపవలెను. గొంతు పలుకుటకుముందు మౌనమును విధించుట యిందలి విశేషము. ఇఁక వేగమునుగూర్చి శిక్షాకారుల నియమమిది: అభ్యాసమునకు ద్రుతము, ప్రయోగమునకు మధ్యమము, శిష్యోపదేశమునకు విలంబితము. నేఁటి విద్యార్థి యభ్యాసవేగమునే సభకుఁ దెచ్చుచున్నాఁడు. పాటవలె సాగఁదీయుట, తొందరపడుట, తల యూపుట, వ్రాఁతఁజూచి చదువుట, అర్థమెఱుఁగకుండుట, సన్నని గొంతుకతోఁ జదువుట యను పాఠకదోషములాఱును బాఠశాలల సభలలో నిప్పటికిని వినవచ్చును, కనవచ్చును. ఆఁడుపులి తన పిల్లలను గోఱలతోఁ బట్టుకొని, జాఱనీయక, గ్రుచ్చుకొననీయక కొనిపోవునట్లు వర్ణములను బలుకవలెనని చెప్పిన యుపమానముకంటె నీ విషయమున మేలైన బోధ లేదు.

మన వర్ణమాలయే యొక కంఠపరికర్మ. కవర్గము కంఠమునఁ బుట్టును. చవర్గము తాలువున, టవర్గము మూర్ధమున, తవర్గము దంతములయందు, పవర్గము పెదవులయందుఁ బుట్టును. లోపలినుండి వెలుపలికి వచ్చు నీ క్రమమున నైదు వర్గములను గ్రమముగాఁ బలికినచో నాలుక మొదలు పెదవులదాఁక నన్ని యవయవములును మేల్కొనును. వీథిబడులలో బిల్లలు గొంతెత్తి గుణింతము చదువుట లిపికొఱకే యని మనము తలఁచితిమి. ఆ చదువుతోఁ గంఠాభ్యాసమును జరిగెను. వ్రాఁత మిగిలినది, చదువుట పోయినది.

ఇఁక దేశచరిత్రమునకు వత్తము. విజయనగరమున కీశాన్యదిశను సుమారు 12 కిలోమీటర్ల దూరముననున్న రామతీర్థమున గురుభక్తులకొండమీఁద బౌద్ధవిహారశిథిలములును, దుర్గకొండయందు జైనప్రతిమలును గలవు. చాళుక్యరాజగు విమలాదిత్యుని (1011–1018) నాఁటి కన్నడశాసనము త్రికాలయోగి సిద్ధాంతదేవుఁడను జైనగురువును బేర్కొనుచున్నది. అచ్చటనే రామస్వామి యాలయము. ఈ మూఁడు మతములలోను విద్య ముఖ్యముగా గురుముఖమునుండి శిష్యుని చెవికిఁ జేరినదే. ఇట్టి శ్రవణవిద్యకు ఈ ప్రాంతము చిరకాలముగా నెలవు.

పందొమ్మిదవ శతాబ్దమున విజయనగరసంస్థానమునందు మూఁడు ధారలు బలపడినవి. మొదటిది సంస్కృతపాఠశాల. వ్యాకరణమునఁ దాతా సుబ్బరాయశాస్త్రిగారివంటి (1867–1944) మహావిద్వాంసులా నగరమున విద్య చెప్పిరి. కాని శిక్ష యచ్చట వేదపాఠమునకే పరిమితమయ్యెను.

రెండవది సంగీతము, హరికథ. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) 1883లో ధ్రువచరిత్రముతో హరికథాప్రస్థానమును బ్రారంభించిరి. కాళ్లకు గజ్జెలు, చేతఁ జిడుతలు ధరించి, పద్యము, గద్యము, కీర్తనము, పాత్రలసంభాషణము నన్నియు నొక్క కంఠముతోనే గంటలకొలఁది నడపుట హరికథకుని పని. నటుఁడు, గాయకుఁడు, వక్త యొక్కనియందే కూడిన కళ యిది. 1919లో విజయరామగానపాఠశాల స్థాపింపఁబడఁగా దాసుగారే మొదటి యధ్యక్షులైరి. 1936లో ద్వారం వేంకటస్వామినాయుడుగారాపదవిని వహించిరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974) అచ్చటనే పట్రాయని సీతారామశాస్త్రిగారియొద్ద గాత్రము నేర్చిరి. కర్ణాటకసంగీతశిక్షణక్రమమున సరళివరుసలు, జంటవరుసలు, హెచ్చుస్థాయివరుసలు, తగ్గుస్థాయివరుసలును, కచేరీకి మొదట వర్ణము పాడుటయుఁ గంఠపరికర్మమే.

మూఁడవది నాటకము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమునఁ బ్రదర్శింపఁబడెను. అందలి సంభాషణము రాగమున కొదుగునది కాదు. ఒక్కొక్క పాత్రకు నొక్కొక్క పలుకుబడి, ఒక్కొక్క కాకువు కావలెను. వాడుకభాషను గూర్చి పండితులకు భిన్నాభిప్రాయములుండవచ్చును గాని, దానిని రంగముమీఁదఁ జివరివరుసకు స్పష్టముగా వినిపించుటకుఁ గావలసిన కంఠశ్రమము పద్యపఠనశ్రమముకంటెఁ దక్కువ కాదని యెల్లరు నొప్పుకొనవలెను. ధ్వనివర్ధకయంత్రములు లేని కాలమునఁ బద్యనాటకనటులు హార్మోనియమునకు సరిగాఁ దారశ్రుతిలో దీర్ఘరాగములను బాడుచుండిరి. సాధన లేక వారిననుకరించినవారి గొంతు చెడుట సహజము.

వ్యాకరణశాలయు గానశాలయు రంగస్థలమును ఒక్క పురమునందే యుండినవి. వర్ణోత్పత్తి వైయాకరణునియొద్ద, స్థాయిసాధన గాయకునియొద్ద, కాకువు నటునియొద్ద మిగిలినవి. మూఁడింటిని గలిపి సభలో మాటలాడవలసిన సామాన్యవిద్యార్థి కందించు పాఠ్యక్రమము మాత్రమేర్పడలేదు. నేఁడు ధ్వనివర్ధకము గొంతును బెద్దది చేయును. అస్పష్టాక్షరమును స్పష్టము చేయఁజాలదు. తప్పును గూడఁ బెద్దది చేసి వినిపించును.

కావున నుపాధ్యాయులకు నాదొక విన్నపము. సభకుఁగాని నాటకమునకుఁగాని ముందు పావుగంట చాలును. మొదట నిలువుగా నిలిచి, భుజములెత్తక, పొట్టనిండ నూపిరిఁ దీసి మెల్లగా విడువవలెను. పిదప నోరు మూసి మకారమును మంద్రమున నాదముగాఁ బలుకవలెను. తరువాత నకారమును హ్రస్వదీర్ఘప్లుతములుగాఁ బలుకుచు మధ్యమమునకు రావలెను. అటుపిమ్మట నైదు వర్గములను మొదట విలంబితముగను, పిదప ద్రుతముగను జదువవలెను. తుదకు దాము చెప్పఁబోవు వాక్యమునే చెంతనున్నవానికిని, గది చివరనున్నవానికిని, వెలుపలనున్నవానికిని జెప్పినట్లు మూఁడు స్థానములఁ బలుకవలెను. 12 మొదలు 15 ఏండ్ల ప్రాయమున బాలుర గొంతు మాఱుచుండును; అప్పుడు తారమున బలవంతపెట్టుట కూడదు. ఆ ప్రాయమున వార్షికోత్సవమున నఱచి పద్యము చదివించుట శిక్షణము కాదు, శిక్షయే.

శిక్ష యను పదమునకు విద్యయనియు దండనయనియు లోకమున రెండర్థములు వాడుకలోనున్నవి. మన విద్యార్థుల గొంతులకు మొదటి యర్థమును మరల నిచ్చు భారము పండితులది.