ఉప్పు తిన్న ఇంటిపై ధిక్కారం: ఒక్తావియో పాస్ ప్రభావాన్ని ఎక్కడ వెతకాలి?

1968 అక్టోబర్ 2 సాయంత్రం మెక్సికో నగరంలోని త్లతెలోల్కోలో, మూడు సంస్కృతుల చౌక్‌లో జరుగుతున్న విద్యార్థుల సభ మీద సైన్యం కాల్పులు జరిపింది. ఎందరు చనిపోయారో నేటికీ తేలలేదు. ఇంకో పది రోజుల్లో అదే నగరంలో ఒలింపిక్స్ మొదలు కావాలి. అప్పుడు ఢిల్లీలో మెక్సికో రాయబారిగా ఉన్నది ఒక కవి. అక్టోబర్ 4న అతను విదేశాంగ మంత్రికి ఉత్తరం రాసి, ఈ ప్రభుత్వానికి ఇక ప్రతినిధిగా ఉండలేనని తెలియజేశాడు. మన పత్రికలు ఆక్టేవియో పాజ్ అని రాసే ఒక్తావియో పాస్ (1914-1998) ఇతనే.

ఆ చౌక్‌లో ఒక పక్క అజ్టెక్ పిరమిడ్ శిథిలాలు, ఒక పక్క స్పానిష్ వాళ్లు కట్టిన చర్చి, ఆ పక్కనే కొత్త కాలపు ఎత్తైన భవనాలు ఉంటాయి. ఆ భవనాల్లో ఒకటి అప్పటి విదేశాంగ శాఖ కార్యాలయం. అంటే, ఢిల్లీ నుంచి పాస్ రాసిన ఉత్తరం చేరాల్సిన శాఖ కిటికీల కిందే ఆ నెత్తురు పారింది.

సాంకేతికంగా చూస్తే అది రాజీనామా కాదు. సర్వీసు నిబంధనల్లో ఉన్న వెసులుబాటు ప్రకారం తనను పోస్టు నుంచి తప్పించమని పాస్ అడిగాడు. ప్రభుత్వమేమో అతన్ని తానే పక్కన పెట్టినట్టు ప్రకటించుకుంది. ఈ తేడాను పట్టుకుని పాస్ చేసింది పెద్ద సాహసమేమీ కాదని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదన కాగితాన్ని చూస్తోంది గానీ కాలాన్ని చూడటం లేదు. కవుల్ని రాయబారులుగా పంపడం మెక్సికోలో పాత ఆనవాయితీ. అల్ఫోన్సో రెయెస్ అర్జెంటీనాలో, బ్రెజిల్‌లో రాయబారిగా పనిచేశాడు. హోసె గొరొస్తీసా ఏకంగా విదేశాంగ మంత్రే అయ్యాడు. ఉప్పు తిన్నవాడు తిన్న ఇంటిని బహిరంగంగా తప్పు పట్టకూడదన్నది ఈ ఏర్పాటులో ఎవరూ కాగితం మీద పెట్టని షరతు. పాస్ దాటింది ఆ గీతను. ఒలింపిక్స్ సాంస్కృతిక ఉత్సవానికి కవిత రాయమని అంతకుముందు అడిగితే కాదన్నవాడు, కాల్పుల తర్వాత ఒక చిన్న కవిత రాసి ఆ నిర్వాహకులకే పంపాడు. మెక్సికోలో అది వెంటనే అచ్చయింది కూడా. ఆ తర్వాత ఢిల్లీ వదిలి బొంబాయి చేరి, ఓడ ఎక్కే ముందు ఎలిఫెంటా గుహలకు వెళ్లాడు. 1951లో మొదటిసారి భారతదేశంలో దిగినప్పుడు చూసిన గుహలే అవి.

పాస్‌కు అంతకుముందే పేరుంది. మెక్సికన్ల ఒంటరితనం, ముఖానికి తొడుక్కునే ముసుగులు, చావుతో వాళ్లకున్న చనువు, స్పానిష్ దండయాత్రలో దుభాషిగా ఉండి జాతికి తల్లీ ద్రోహీ అనిపించుకున్న మాలించె గురించి అతను రాసిన ‘ఒంటరితనపు చిక్కుదారి’ 1950లో వచ్చింది. 1957 నాటి ‘సూర్యశిల’లో సరిగ్గా 584 పాదాలు ఉన్నాయి. భూమి నుంచి చూస్తే శుక్రగ్రహం ఒక ఆవృత్తి పూర్తి చేసే రోజుల లెక్క అది. ఆ కవితను మెచ్చినవాళ్లు ఎందరున్నా, జనం వాదనల్లోకి దిగింది మాత్రం అతని వచనం. నా పరిశీలనలో పాస్ ప్రభావానికి అసలు కొలత అభిమానుల పొగడ్తల్లో దొరకదు. అతనితో పోట్లాడినవాళ్లు కూడా అతని మాటలనే ఆయుధాలుగా పట్టుకోవాల్సి వచ్చింది చూడండి, కొలత అక్కడుంది.

1987లో మెక్సికన్ మానవశాస్త్రవేత్త రోహెర్ బార్త్రా ‘విషాదపు పంజరం’ అనే పుస్తకంలో, మెక్సికన్ స్వభావం అనేదే మేధావులు అల్లిన కల్పన అనీ, పాలకులకు అది బాగా పనికొచ్చిందనీ వాదించాడు. అతని గురి మీద ఉన్నవాళ్లలో పాస్ ముఖ్యుడు. అమెరికాలోని చికానా (మెక్సికన్ మూలాల) స్త్రీవాదులు మాలించెను ద్రోహి అన్న ముద్ర నుంచి విడిపించే పనికి పూనుకున్నప్పుడు, ముందుగా పాస్ అధ్యాయానికే జవాబు చెప్పాల్సి వచ్చింది. పాస్ చేసిన తప్పులు కూడా చర్చకు ఎజెండా అయ్యాయి. 1970లో వచ్చిన ‘అనుబంధం’లో త్లతెలోల్కో హత్యాకాండను పాత అజ్టెక్ నరబలి మళ్లీ తలెత్తడంగా చిత్రించాడు. రూపకంగా అది గొప్పదే. కానీ ఆదేశాలిచ్చిన మనుషుల బాధ్యత పిరమిడ్ నెత్తిన పడటం నాకు మింగుడు పడదు. ఆ లోటును మరుసటి ఏడాది పాత్రికేయురాలు ఎలెనా పొనియతోవ్‌స్కా తీర్చింది. పురాణ ప్రస్తావన పక్కన పెట్టి, ఆ చౌక్‌లో ఉన్నవాళ్ల గొంతులను వరుసగా పేర్చి పుస్తకం వేసింది.

1971లో ‘ప్లురాల్’, 1976 చివర్లో ‘వుయెల్తా’ పత్రికలను మొదలుపెట్టి నడిపిన పాస్ మరో రకం మనిషి. సోవియట్ శిబిరాల గురించిన పత్రాలను 1951లోనే బ్యూనస్ ఐరెస్ పత్రిక ‘సూర్’లో బయటపెట్టిన అతనికి, లాటిన్ అమెరికా వామపక్షంతో తగవు కొత్తది కాదు. అది ముదిరింది 1984లో. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జర్మన్ పుస్తక వ్యాపారుల శాంతి బహుమతి అందుకుంటూ, వామపక్ష పాలనలో ఉన్న నికరాగువాలో ప్రజాస్వామ్యం కావాలన్నాడు. కొన్నాళ్లకే మెక్సికో నగరంలో అతని దిష్టిబొమ్మ తగలబెట్టారు. అమెరికా అధ్యక్షుడు రీగన్‌ను దోచుకునేవాడని తిట్టే ‘రపాస్’ అన్న మాటకు ‘పాస్’ పేరుతో ప్రాస కుదిర్చి నినాదం కట్టారు. కవిని తిట్టడానికి కూడా ఛందస్సే కావలసొచ్చింది.

ఉప్పు సంగతి మాత్రం అంతటితో తెగలేదు. మెక్సికో రాజ్యాన్ని అన్నం పెట్టి మింగే ‘దయగల రాక్షసుడు’గా వర్ణించింది పాసే. 1990 ఆగస్టులో, తనకు నోబెల్ రావడానికి కొన్ని వారాల ముందు, అతని పత్రిక నిర్వహించిన సదస్సును తెలెవీసా టీవీ ప్రసారం చేసింది. అక్కడ పెరూ నవలాకారుడు మారియో వర్గాస్ యోసా మెక్సికోను పరిపూర్ణ నియంతృత్వం అన్నాడు. పాస్ అక్కడికక్కడే సవరించాడు: ఇది నియంతృత్వం కాదు, ఒకే పార్టీ ఆధిపత్యం అని. శాస్త్రీయంగా పాస్ చెప్పిందే సరైనదేమో. కానీ 1929 నుంచి అప్పటిదాకా గద్దె దిగని పార్టీ విషయంలో ఆ సూక్ష్మభేదం పాలకులకు ఊరటగానే వినిపించింది. జనం నోళ్లలో మిగిలింది వర్గాస్ యోసా మాట.

డెబ్బైలలో యువకవిగా ఉన్న రొబెర్తో బొలానో బృందానికి పాస్ ప్రథమ శత్రువు. పాస్ పోయిన 1998లోనే బొలానో నవల ‘ఉగ్ర పరిశోధకులు’ వెలువడింది. అందులో ముసలి పాస్, ఆ బృందంలోని ఒక కవి ఒక పార్కులో గుండ్రంగా ఎదురెదురుగా నడుస్తారు. చివరికి చేతులు కలిపి ఒకే బెంచీ మీద కూర్చుని మాట్లాడుకుంటారు. అది రాసింది పాస్ శిష్యులెవరూ కాదు.