గడ్డికి పెట్టిన పేరు

పెరట్లో గడ్డి మొలిస్తే మనం ముందు చేసే పని పీకి పారేయడమే. వినాయక చవితినాడు గరికకు తప్ప, గడ్డికి మన ఇళ్ళలో మర్యాద ఎక్కడిది? ఆ గడ్డినే కోరి తెచ్చి పూలమొక్కల సరసన నిలబెట్టారొకాయన. బెర్లిన్ పక్కన పోట్స్‌డామ్‌లో మొక్కలు పెంచి అమ్మిన కార్ల్ ఫోర్‌స్టర్ (1874–1970).

నాజీల కాలంలో జర్మన్ మొక్కలే పెంచాలని ఒత్తిడి వస్తే ఆయన లొంగలేదు సరికదా, యూదు మిత్రులకు తన తోటలో పని ఇచ్చారు. ఆ రోజుల్లో అది ప్రాణాలతో చెలగాటమే.

హాంబర్గ్ వృక్షోద్యానంలో ఆయన కంటపడిందీ గడ్డి. నిలువెత్తు దుబ్బు, నిటారు కాడలు, చివర ఈకల్లాంటి కంకులు. మొదట ఊదాఛాయ, పోనుపోను గోధుమరంగు. చలికాలంలోనూ వాలిపోవు. రెండు జాతుల సంకరం కనుక మొలిచే విత్తనం కట్టదు. చామంతి పిలకల్లా దుబ్బు విడదీసి నాటుకోవలసిందే! అంటే ఇవాళ ఏ తోటలో ఉన్నా ఒకరి చేతినుంచి ఒకరికి అందిందే అన్నమాట. ఎండా, తడి ఆరని నేలా కావాలి. చలి వెళ్ళేముందు, కొత్త చిగురు రాకుండానే మొదలంటా కోసెయ్యాలి. చలిదేశపు పిల్ల, మన మైదానాల ఎండకు ఓర్చుకోవడం కష్టం.

2001లో అమెరికాలోని బహువార్షిక మొక్కల సంఘం దీన్నే ఆ ఏటి మొక్కగా ఎన్నుకుంది. దాని పేరు కార్ల్ ఫోర్‌స్టర్.